నెబో కొండ మీద మా అప్ప

2024 ఫిబ్రవరి 11, ఆదివారం, మూలపేట

ప్రయాణం రేపే. సంచులు సర్దేశాం. అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం) తన సంచిలో రెండు చీరలు, నా పాత స్వెట్టరు, బైబిలు, రెండు కిలోల పలాస జీడిపప్పు పెట్టుకుంది. అంత పప్పు ఎందుకప్పా అంటే, "పరాయి దేశం ఎల్తన్నాం. ఒట్టి సేతుల్తో ఎల్తామేటి?" అంది.

అసలు అనుకున్న యాత్ర యెరూషలేముకి. నిరుడే డబ్బు కట్టాం. క్రైస్తవ యాత్రికులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2019లో పెంచారు. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి 40 వేలు ఉండేది, 60 వేలు చేశారు. మేం దానికి దరఖాస్తు పెట్టుకోలేదు. నా రిటైర్‌మెంటు డబ్బుకి అప్ప చీటీ డబ్బు కలిపితే సరిపోయింది. అక్టోబరు 7 తర్వాత గాజాలో యుద్ధం మొదలయ్యేసరికి టూరు వాళ్ళు ఇజ్రాయెల్ భాగం తీసేశారు. బేత్లెహేము లేదు, గలిలయ లేదు. జోర్దాను నదికి ఇవతల ఉన్న దేశం మాత్రం మిగిలింది. చాలామంది డబ్బు వెనక్కి తీసుకున్నారు. మేమూ తీసుకుందామా అని అడిగాను.

"మోషే సూసిన కొండ ఇవతలే ఉందన్నావు కదా?"

"ఉంది."

"అయితే పద. ఆయనకే అవతలకి ఎల్లే భాగ్యం నేదు. మనకెందుకు?"

సీనాయి కొండ కూడా చూడొచ్చు, ఐగుప్తు మీదుగా పోదామని ఒకసారి అన్నాను. ఎత్తు 2,285 మీటర్లు, పూర్వం సన్యాసులు పరిచిన మెట్లు 3,750. అప్ప మాట్లాడలేదు, చీర అంచు పైకి తీసి మోకాళ్ళు చూపించింది. ఇరవై ఏళ్ళకు పైగా నౌపడ ఉప్పు మళ్ళలో నిలబడ్డ కాళ్ళు. నేను టీచర్ ట్రైనింగు చదివింది ఆ కాళ్ళ మీదే. మోషే ఎక్కిన నెబోకయితే బస్సు పైదాకా పోతుంది.

రాస్తుంటే బయట బండల లారీలు పోతున్నాయి. సముద్రంలోకి రాళ్ళ గట్టు కడుతున్నారు. నిరుడు ఏప్రిల్ 19న పోర్టుకి శంకుస్థాపన జరిగింది. నాలుగు బెర్తులు, 4,362 కోట్లు. అంతకుముందు భావనపాడు పోర్టు అనేవారు, తర్వాత మా ఊరి పేరు పెట్టారు. విష్ణుచక్రంలోనూ మా ఊళ్ళోనూ కలిపి 594 కుటుంబాలకి నౌపడ దగ్గర కాలనీ అన్నారు. అందులో అప్ప ఇల్లు ఒకటి. పోర్టుకి ఊరి పేరు వచ్చింది, ఊళ్ళో వాళ్ళు పేరు వదిలి వెళ్తున్నారు.

ఫిబ్రవరి 14, బుధవారం, మాదాబా

నిన్న అమ్మాన్‌లో దిగాం. చలి బాగా ఉంది. అప్ప చీర మీద స్వెట్టరు, దాని మీద శాలువా, తలకి మఫ్లరు. హోటల్లో పొద్దున్నే పెట్టిన రొట్టె, శనగల ముద్ద తిని "కారం నేదు గానీ బాగుంది" అని ఒప్పుకుంది.

మాదాబాలో సెయింట్ జార్జి గ్రీకు ఆర్థడాక్సు గుడి చూశాం. చిన్న గుడే. జనమంతా నేల వైపు చూస్తూ నడుస్తారు. నేల మీద పటం ఉంది, ఆరో శతాబ్దానిది. రంగురాళ్ళ ముక్కలు పేర్చి చేసిన పవిత్ర దేశం పటం. ఇప్పటికి మిగిలిన వాటిలో ఇంత పాతది లేదంటారు. మొదట్లో ఇరవై లక్షలకు పైగా ముక్కలు ఉండేవట. చాలా భాగం పాడైపోయింది. కప్పబడిపోయిన ఈ నేల 19వ శతాబ్దం చివర్లో బయటపడితే దాని మీదే 1896లో ఈ గుడి కట్టారు.

పటానికి పైవైపు తూర్పు. బడిలో పిల్లలకి ఇన్నేళ్ళూ పైన ఉత్తరం అని చెప్పినవాణ్ణి, కాసేపు తికమకపడ్డాను. గుడిలో నిలబడి ప్రార్థించేవాడి ముఖం తూర్పుకి ఉంటుంది కాబట్టి వాళ్ళకి అదే సుళువు. ఊళ్ళ పేర్లన్నీ గ్రీకులో రాశారు, నూట యాభై దాకా ఉన్నాయట. యెరూషలేము నడివీధి, దాని రెండు పక్కలా స్తంభాలు, ఉత్తరం వైపు ద్వారం స్పష్టంగా కనిపిస్తున్నాయి. యెరికో చుట్టూ ఖర్జూర చెట్లు. మోయాబు వైపు సింహం జింకను తరుముతోంది. సింహం బొమ్మ చెడిపోయింది, జింక మిగిలింది.

అప్ప చాలాసేపు ఒకచోటే నిలబడిపోయింది. జోర్దాను నది మృత సముద్రంలో కలిసే చోటు అది. నదిలో చేపలున్నాయి. ఒక చేప సముద్రం దాకా వచ్చి, ఉప్పు తగిలి, మళ్ళీ ఏటికి ఎదురు తిరిగింది. సముద్రంలో రెండు పడవలు ఉన్నాయి. పడవల్లో మనుషుల ముఖాలు చెరిపేశారు. బొమ్మలు కూడదన్న కాలంలో అలా చేశారని గైడు చెప్పాడు. ఒక పడవలో ఉన్న కుప్ప ఉప్పు అని పండితులు కొందరు అంటారట. ఆ మాట తెలుగులో చెప్పగానే అప్ప కిందకి వంగింది.

"కుప్ప మీద కప్పు ఏదిరా? వానొస్తే కరిగిపోదేటి?"

మా వైపు ఉప్పు కుప్ప మీద తాటాకు కప్పకుండా ఎవరూ ఇంటికి పోరు. గైడుకి చెప్పాను. అతను నవ్వి, ఇక్కడ వానలెక్కడివమ్మా అన్నాడు. అప్ప సంచిలోంచి గుప్పెడు జీడిపప్పు తీసి అతని చేతిలో పోసింది.

ఫిబ్రవరి 15, గురువారం, నెబో

మాదాబా నుంచి పది కిలోమీటర్లు. రాత్రి వాన పడి వెలిసింది. గాలి శుభ్రంగా ఉంది, ఇలాంటి రోజు దొరకడం అదృష్టం అన్నాడు గైడు.

ఎత్తు చూస్తే గొప్ప కొండేమీ కాదు. ఏడు వందల మీటర్ల పైచిలుకు. మబ్బులేని రోజున మా తీరం నుంచి కనిపించే మహేంద్రగిరి 1,501 మీటర్లు, దాని ముందు ఇది చిన్న గుట్ట. అయితే కొండ అంచుకి వచ్చేసరికి నేల ఒక్కసారి జారిపోతుంది. కింద జోర్దాను లోయ, దాని కొసన మృత సముద్రం. ఆ సముద్రపు అంచే మామూలు సముద్ర మట్టానికి 430 మీటర్ల పైన కింద ఉంది. అందుకే ఇక్కడ నిలబడితే రెట్టింపు ఎత్తులో ఉన్నట్టు కాళ్ళు తేలిపోయాయి.

దిక్కులు చూపించే ఫలకం దగ్గర అందరం గుమిగూడాం. యెరికో 27 కిలోమీటర్లు, యెరూషలేము 46, బేత్లెహేము 50. మూలపేట నుంచి పలాస వెళ్ళొచ్చినంత దూరంలో ఉన్నాయి అన్నీ. యెరికో పచ్చగా ఒక మరకలా కనిపించింది. దాని వెనక కొండల వరస మీద ఏవో గోపురాలు. అవే యెరూషలేము అన్నారు. మాతో వచ్చిన పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు, అప్ప తప్ప.

"కళ్ళు మూసుకోడానికి ఇంత దూరం వొచ్చినానేటి?" అని నా చెవిలో అంది.

ఆ కళ్ళకి శుక్లాలు తీయించింది సోంపేట ఆరోగ్యవరం మిషను ఆసుపత్రిలో. కెనడియన్ బాప్టిస్టు డాక్టరు బెన్ గల్లిసన్ పనిచేసిన ఆసుపత్రి అది. ఆయన చెప్పిన మాటలు విని కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి 1963లో మొదలుపెట్టిన సంస్థే ఆపరేషన్ ఐసైట్. మోషేకి నూట ఇరవై ఏళ్ళ వయసులో కూడా చూపు మందగించలేదని ద్వితీయోపదేశకాండం ఆఖరి అధ్యాయంలో ఉంది. అప్పకి డెబ్భై దాటాయి. సోంపేట పుణ్యమా అని యెరికో కనిపించింది.

ప్రార్థన అయ్యాక పాస్టరు గారు సంఖ్యాకాండంలోని మెరీబా సంగతి చెప్పారు. బండతో మాట్లాడమంటే మోషే కర్రతో రెండుసార్లు కొట్టాడు, అందుకే వాగ్దాన దేశంలో అడుగు పెట్టనివ్వలేదు అని. అప్ప బస్సు దగ్గరకి నడుస్తూ అంది:

"నలభై ఏళ్ళు నడిపించినోడికి రెండు దెబ్బలకి కూలి మొత్తం పోయిందేటిరా? మా ఉప్పు మళ్ళ మేస్త్రీయే నయం. సగం కూలైనా ఇచ్చీవోడు."

నేను నవ్వాను గానీ ఏం చెప్పాలో తోచలేదు. మన పరశురాముడి కథ గుర్తొచ్చింది. భూమండలమంతా గెలిచి కశ్యపుడికి ధారపోశాడు. ఇచ్చేసిన నేల మీద ఉండకూడదని మహేంద్రగిరికి పోయాడు. ఆ కొండ చూస్తూ పెరిగిన మాకు, కష్టపడినవాడికి ఫలం దక్కకపోవడం కొత్త కథ కాదు. అప్ప బాధ మాత్రం వేరు. పరశురాముడు తనంతట తాను ఇచ్చాడు. మోషే ఇవ్వలేదు, ఆయన్ని ఆపేశారు.

గుడిలోకి వెళ్ళాం. 1932లో ఫ్రాన్సిస్కన్లు ఈ కొండ కొన్నారు, మరుసటి ఏడాది తవ్వకాలు మొదలయ్యాయి. పాత గుడి గోడల మీద కొత్త కప్పు వేశారు. చాలా ఏళ్ళు మరమ్మతులకి మూసి 2016లో మళ్ళీ తెరిచారు. బయట 2000 సంవత్సరంలో పోపు రెండో జాన్ పాల్ నాటిన ఒలీవ చెట్టు ఉంది. ఇనుప సిలువకి పాము చుట్టుకున్న పెద్ద శిల్పం ఉంది, అందరూ ఫొటోలు దిగేది దాని దగ్గరే. లోపల నేల చూశాక అవన్నీ మర్చిపోయాను.

నేల నిండా వేట. గుర్రాల మీద వేటగాళ్ళు, సింహంతో తలపడే పశువుల కాపరి, మేకల మధ్య గొర్రెల కాపరి, నిప్పుకోడిని తాడు పట్టి తీసుకుపోయే మనిషి. పేర్చింది క్రీ.శ. 530 ఆగస్టులో. దాని మీద ఇంకో నేల వేసేయడంతో 1976 దాకా ఎవరికీ తెలియలేదు. రాళ్ళు పేర్చిన పనివాళ్ళ పేర్లు కూడా అక్కడే రాసి ఉన్నాయి: సోయెల్, కాయూమ్, ఏలియా.

"కూలోళ్ళ పేర్లా?" అంది అప్ప.

"అవును."

"మరి మోషే సమాధి?"

"ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బైబిల్లోనే అలా ఉంది."

నదికి అవతల యెరికో దగ్గర నబీ మూసా అనే దర్గా ఉందని, మూసా ప్రవక్త సమాధి అదేనని ముస్లింలు భక్తితో వెళ్తారని, 1269లో సుల్తాను బైబర్సు కట్టించాడని గైడు చెప్పాడు. అతను ముస్లిం. అక్కడికి తనూ ఎప్పుడూ వెళ్ళలేదట. మేం అందరం ఒకే అంచున నిలబడి అవతలకి చూస్తున్నవాళ్ళమే. ఆ కొండల వెనక ఇవాళ కూడా బాంబులు పడుతున్నాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

రాత్రి. నిద్ర పట్టక మళ్ళీ రాస్తున్నాను. ఎజీరియా గురించి రాయాలి. నాలుగో శతాబ్దం చివర పడమటి దేశాల నుంచి వచ్చిన క్రైస్తవ స్త్రీ. ఈ కొండకి గాడిద మీద కొంత, నడిచి కొంత ఎక్కింది. చూసిందంతా తన ఊరి ఆడవాళ్ళకి ఉత్తరంగా రాసింది. నెబో గుడి గుమ్మంలోంచి జోర్దాను సముద్రంలో కలిసే చోటు కనిపించిందని రాసింది. లోతు భార్య ఉప్పు స్తంభమైన చోటు కూడా అక్కడి నుంచే చూపించారట. ఆమె నిజాయితీగా రాసింది: స్తంభం కనిపించలేదు, చోటు ఒక్కటే చూపించారు, స్తంభాన్ని ఎప్పుడో నీళ్ళు ముంచేశాయని అక్కడి బిషపు చెప్పాడు అని. యాత్రలు చేసి రాసేవాళ్ళలో కనపడనిది కనపడలేదని రాసేవాళ్ళు తక్కువ.

ఒకే గుమ్మంలోంచి మోషే, లోతు భార్య, ఇద్దరూ. ముందున్న దేశాన్ని చూసి ఆగిపోయినవాడు ఒకడు, వెనకున్న ఊరిని చూసి ఆగిపోయిన మనిషి ఒకతె. చూపు దాటి ఒక్క అడుగు కూడా ఇద్దరికీ దక్కలేదు. రేపు సముద్రానికి పోతాం. ఈ సంగతి అప్పకి చెప్పాలి.

ఫిబ్రవరి 16, శుక్రవారం, మృత సముద్రం

చెప్పాను. చెప్పకపోయినా అడిగేది. ముజీబు వాగు దగ్గర రోడ్డు పక్క కొండ కొమ్ము మీద ఒక రాతి స్తంభం ఉంది, దాన్ని లోతు భార్య అంటారు. బస్సు ఆపారు. అప్ప దిగి చాలాసేపు పైకి చూసింది.

"ఎనక్కి తిరిగి సూసినందుకా?"

"తిరగొద్దని ముందే చెప్పారప్పా."

"ఆవిడ అల్లుళ్ళు ఊళ్ళోనే ఉండిపోనారు కదా. మాట ఇననోళ్ళు. ఎనకాల ఊరు కాల్తంటే ఏ తల్లి తిరిగి సూడదు?"

పాస్టరు గారు పక్కనే ఉన్నారు. సొదొమ పాపం గురించి ఏదో చెప్పబోయి ఊరుకున్నారు.

ఒడ్డున అందరూ నీళ్ళలో తేలి ఫొటోలు దిగారు. నీళ్ళలో మూడో వంతుకి పైగా లవణాలే, మామూలు సముద్రంలో నూటికి మూడున్నర పాళ్ళు. మునగమన్నా మునగరు. జోర్దాను నీళ్ళు ఎగువనే మళ్ళించుకోవడంతో, ఖనిజాల కోసం నీళ్ళు తోడి ఆవిరి చేయడంతో సముద్రం ఏటా మీటరు దాకా దిగిపోతోంది. పాత ఒడ్డు గీతలు మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయి.

అప్ప తేలలేదు. ఒడ్డున తెల్లగా కట్టిన ఉప్పు గోరుతో గీకి నాలిక మీద వేసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"ఇది ఉప్పు కాదురా. మడిలో ఉప్పు దిగినాక కట్టు తెంచి పారబోస్తాం చూడు, ఆ సేదు నీళ్ళది ఇది."

గైడు ఆశ్చర్యపోయాడు. అప్ప చెప్పింది అక్షరాలా నిజం. సముద్రపు నీరు మడిలో ఎండుతుంటే ముందు వంట ఉప్పు పలుకు కడుతుంది. మెగ్నీషియం లవణాలు మిగిలిన నీళ్ళలోనే ఉండిపోతాయి, చేదుగా. ఆ నీళ్ళు సమయానికి వదిలేయకపోతే ఉప్పు పాడవుతుంది. మృత సముద్రంలో ఎక్కువ పాళ్ళు ఆ మెగ్నీషియమే. అప్ప ఇదంతా ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఎండలో పాదాలు పగిలి, పగుళ్ళలో ఆ నీళ్ళు చేరి మండిన రోజుల్లో నేర్చుకుంది.

సాయంత్రం బస్సులో, చాలాసేపటి తర్వాత, తనే మొదలుపెట్టింది.

"నెబో మీద మోషేకి అన్నీ పేర్లు పెట్టి సూపించినారు కదా?"

అవును. గిలాదు, దాను, నఫ్తాలి, ఎఫ్రాయిము, మనష్షే, యూదా, యెరికో లోయ, సోయరు. ద్వితీయోపదేశకాండంలో వరసగా ఉంటుంది.

"మనకీ అలాగ ఎవులైనా సూపిస్తే బాగున్ను. ఇది ఫలానోళ్ళిల్లు, ఇది ఫలానోళ్ళ కల్లం అని. ఎల్లిపోయే ముందు."

ఫిబ్రవరి 21, బుధవారం, మూలపేట

వచ్చాం. వేసవి ముందే వచ్చేసినట్టు ఎండ. ఆడవాళ్ళంతా అప్ప చుట్టూ చేరారు. యేసు బాప్తిస్మం తీసుకున్న చోటు నుంచి తెచ్చిన సీసాలో నీళ్ళు తలా ఇన్ని పంచింది. మోషే గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసింది. రాళ్ళు పేర్చిన సోయెల్ గురించి, ఉప్పు తగిలి వెనక్కి తిరిగిన చేప గురించి అరగంట చెప్పింది. ఉప్పు మళ్ళ పాత జతగాళ్ళు ఇద్దరు, "ఆ చేప ఎంత తెలివైందే!" అని నోళ్ళు నొక్కుకున్నారు.

మార్చి 3, ఆదివారం, మూలపేట

పొద్దున ఆరాధన అయ్యాక చర్చి గచ్చు మీద పెద్ద చార్టు పరిచాం. గీసేది నేను, చెప్పేది అప్ప. మొదట రోడ్డు గీసి పైన ఉత్తరం అని రాయబోతే కొట్టేయమంది. పైన సముద్రం ఉండాలట. మాదాబాలోనూ తూర్పే కదా పైన, మాకు తూర్పున సముద్రమే కదా అంది. కాదనలేకపోయాను.

చర్చికి రానివాళ్ళు కూడా వచ్చారు. రామమందిరం ఎక్కడ గీస్తావు, గ్రామదేవత రాయి ఎక్కడ, మా బావి ఎందుకు వదిలేశావు అని నలుగురూ నాలుగు వైపుల నుంచి. తిత్లీ తుపానుకి, అంటే 2018 అక్టోబరులో పడిపోయిన కొబ్బరి చెట్లు గీయాలా వద్దా అన్న దగ్గర గొడవ వచ్చింది. ఉన్నవే గీయాలని కుర్రాళ్ళు, పడిపోయినవి కూడా ఊరివేనని ముసలివాళ్ళు. చివరికి పడిన చెట్లని చుక్కలతో గీశాను. ఒకాయన తన తాతల నాటి కల్లం అని చూపించిన చోటే ఇంకొకాయన తనదన్నాడు. రెండు పేర్లూ రాశాను. తేల్చడానికి ఇది రిజిస్ట్రారు ఆఫీసు కాదు.

కింది అంచున, పనివాళ్ళ పేర్లు రాసే చోట, అప్ప ఒక వరస ఖాళీ ఉంచమంది. అక్కడ ఉప్పు మళ్ళలో పని చేసిన ఆడవాళ్ళ పేర్లు రాయాలట. బతికున్నవాళ్ళవీ పోయినవాళ్ళవీ కూడా. ఇవాళ పదకొండు గుర్తొచ్చాయి. ఇంకా వస్తాయి.

చార్టు చాలలేదు. ఊరి దక్షిణం వైపు ఇంకా మొదలే పెట్టలేదు. రేపు టెక్కలి వెళ్ళి ఇంకో రెండు చార్టులు, మంచి స్కెచ్ పెన్నులు తేవాలి. విష్ణుచక్రం వాళ్ళకి కబురు పెట్టాను, వాళ్ళ ఊరు వాళ్ళే గీసుకుంటామన్నారు. గీత నేర్పడానికి బుధవారం నన్ను రమ్మన్నారు.